సుంకి ఘాట్‌లో వేడెక్కి ఆగిన డిజైర్ డీజిల్: ఉన్న ఇంజిన్ బాగు చేయించాలా, వాడిన ఇంజిన్ ఎక్కించాలా? బడ్జెట్ 70 వేలు

సునాబెడ_డిజైర్:

నమస్కారమండీ. బండి 2013 స్విఫ్ట్ డిజైర్ వీడీఐ, ఓడీ-10 నంబరు, 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. విజయనగరం నుంచి సాలూరు మీదుగా సునాబెడ వస్తుండగా సుంకి ఘాట్‌లో రేడియేటర్ పై గొట్టం చీలిపోయి కూలెంట్ అంతా పోయింది. ఎర్ర లైటు వెలిగాక ఆపుకునే చోటు లేక సుమారు 2 కిలోమీటర్లు ఎక్కింది, ఆ తర్వాత దానంతట అదే ఆగింది. పూర్తిగా చల్లారాక సాలూరు షెడ్డుకు దించాం.

ఇప్పుడు పరిస్థితి ఇది. కొత్త గొట్టం వేసి కూలెంట్ నింపాక సెల్ఫ్ తిరుగుతోంది, ఎక్కువసేపు కొడితే స్టార్ట్ అవుతోంది. కానీ ఒక సిలిండర్ పని చేయనట్టు ఊగుతోంది, తెల్లటి పొగ, కూలెంట్ బాటిల్‌లో బుడగలు. అయిదు నిమిషాల్లో గొట్టాలు రాయిలా గట్టిపడుతున్నాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మాత్రం మామూలు నల్లగానే ఉంది, నీళ్లు కలిసినట్టు లేదు.

షెడ్డులో ఇంజిన్ మొత్తం పోయిందన్నారు. అన్నీ కొత్తవి వేసి చేస్తే 85 వేలు, గాజువాక ఆటోనగర్ నుంచి వాడిన ఇంజిన్ తెస్తే ఇంజిన్‌కే 45 నుంచి 60 వేలు, ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, వరకే చేస్తే 25 వేలు చెప్పారు. నేను పెట్టగలిగింది 70 వేలు. ఏది తెలివైన పని? ఎలాగూ ఇంజిన్ మారుస్తున్నాం కాబట్టి ఎర్టిగాలో వచ్చిన 90 హార్స్‌పవర్ ఇంజిన్ వేస్తే ఘాట్‌కు బాగుంటుందని కూడా ఒకరన్నారు. బండి ఒడిశాది, పని ఆంధ్రలో జరుగుతోంది, కాబట్టి ఆర్‌సీ సంగతి కూడా చెప్పండి.

డీజిల్_పని:

సెల్ఫ్‌కు తిరుగుతోంది, స్టార్ట్ కూడా అవుతోందంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) పట్టేయలేదు. హెడ్ విప్పకుండా, ఒక్క కొలత కూడా తీయకుండా ఇంజిన్ మొత్తం పోయిందని తేల్చడం సరికాదు. ఇక దాన్ని స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే, పిస్టన్ పైకి వచ్చేటప్పుడు ఆ నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు 25 వేల పని కాస్తా నిజంగానే 85 వేలవుతుంది.

హెడ్ విప్పే ముందు చేయాల్సింది లీక్ పరీక్ష. గ్లో ప్లగ్గులు (స్టార్ట్ చేసే ముందు సిలిండర్‌ను వేడి చేసేవి) నాలుగూ తీయాలి. 1.62 లక్షల కిలోమీటర్ల బండిలో అవి తుప్పు పట్టి ఉంటాయి, బలంగా తిప్పితే లోపలే విరుగుతాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వండి. కొద్దిగా వదులు చేయడం, మళ్లీ బిగించడం, ఇలా ముందుకూ వెనక్కూ కదుపుతూ తీయాలి. తర్వాత ఒక్కో సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, గేరులో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగి, గ్లో ప్లగ్ రంధ్రం గుండా 5, 6 బార్ గాలి పెట్టండి. కూలెంట్ బాటిల్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే పలుచని పొర) గానీ హెడ్ పగులు గానీ. పక్క సిలిండర్ గ్లో ప్లగ్ రంధ్రంలోంచి గాలి వస్తే రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలింది. ఆయిల్ పోసే మూత దగ్గర గాలి ఉరికితే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ గోడ). సైలెన్సర్ వైపు గానీ ఎయిర్ ఫిల్టర్ వైపు గానీ వస్తే వాల్వులు. కొద్దిగా గాలి మూత దగ్గర వినిపించడం ఏ ఇంజిన్‌కైనా ఉంటుంది, నాలుగింటినీ పోల్చి చూడండి.

ఆయిల్‌లో నీరు కనబడలేదు కాబట్టి గ్యాస్కెట్ బాగుందనుకోకండి. గ్యాస్ కూలెంట్ దారిలోకి మాత్రమే తోసుకుపోతుంటే ఆయిల్ శుభ్రంగానే ఉంటుంది. దీనికి వ్యతిరేకమైన సందర్భం కూడా ఈ ఇంజిన్‌లో ఉంది. ఆయిల్ ఫిల్టర్ దగ్గరున్న ఆయిల్ కూలర్ లోపల చీలితే కూలెంట్ బాటిల్‌లో నూనె తేలుతుంది. అది చూసి హెడ్ గ్యాస్కెట్ పోయిందని హెడ్ దించేస్తుంటారు. మీ బాటిల్‌లో నూనె లేదు కాబట్టి ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టొచ్చు.

ఏ దారి ఎంచుకున్నా సరే, గొట్టం ఎందుకు చీలిందో ముందు తేల్చండి. పాతబడి చీలిందా, లేక అప్పటికే గ్యాస్కెట్ లీకై ఒత్తిడి పెరిగి చీలిందా? రేడియేటర్ ఫ్యాన్ రెండు వేగాల్లోనూ తిరుగుతోందా? థర్మోస్టాట్‌ను వేడినీళ్లలో వేస్తే తెరుచుకుంటోందా? ఈ ఇంజిన్‌లో వాటర్ పంపు బయటి బెల్టుతో తిరుగుతుంది, ఆ బెల్టు జారుతోందా? రేడియేటర్‌కూ ఏసీ కండెన్సర్‌కూ మధ్య దుమ్ము పేరుకుపోయిందా? వీటిలో ఒక్కటి వదిలేసినా కొత్త ఇంజిన్ కూడా అదే ఘాట్‌లో అలాగే పోతుంది.

కూలెంట్ మూతను చిన్న వస్తువని వదిలేయకండి. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ మామూలు నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. కూలెంట్ మరగకుండా ఆపేది గ్లైకాల్ ఒకటి, మూత పట్టి ఉంచే ఒత్తిడి ఇంకొకటి. మూత రబ్బరు పాడైతే ఒత్తిడి నిలవదు, ఆవిరి బుడగలు హెడ్ లోపల చేరతాయి. మైదానంలో బాగానే నడిచి ఘాట్‌లోనే వేడెక్కే బండ్లకు ముందు మూత మార్చి చూడాలి. ఇంకో సంగతి, కూలెంట్ పూర్తిగా పోతే సెన్సర్ నీళ్లలో కాకుండా ఖాళీలో ఉంటుంది కాబట్టి అది చూపించే వేడి అసలు వేడి కన్నా తక్కువ. లైటు ఆలస్యంగా వెలిగి ఉండొచ్చు. అందుకే బోరు చూసేదాకా ఏ మాటా ఇవ్వలేం.

90 హార్స్‌పవర్ ఆలోచన వదిలేయండి. మీ బండిలోది 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్ల ఇంజిన్, దాని టర్బో మామూలు రకం. ఎర్టిగా, ఎస్‌ఎక్స్4లలో వచ్చిన 90 పీఎస్‌లో టర్బో రెక్కల కోణం మారుతుంది, దాన్ని నడిపేది వేరే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), వేరే వైరింగ్. ఈసీయూ మారిస్తే తాళంలోని ఇమ్మొబిలైజర్ కోడ్ కలవదు. ఇవన్నీ కుదిర్చేసరికి మీ 70 వేలు వైరింగ్‌కే అయిపోతాయి.

లేతు_పని:

హెడ్ దించాక ఏం కొలవాలో నేను చెబుతా.

హెడ్ పూర్తిగా చల్లారాకే బోల్టులు విప్పాలి. బయటి నుంచి లోపలికి, కొంచెం కొంచెంగా. వేడి మీద విప్పితే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. శుభ్రం చేసి, స్ట్రెయిట్ ఎడ్జ్ పట్టీని పొడవునా, అడ్డంగా, రెండు మూలల మీదుగా పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.05 మి.మీ. దూరకపోతే హెడ్ తిన్నగా ఉన్నట్టే. 0.10 దాటి దూరితే వంగింది. బ్లాక్ (హెడ్ కింద సిలిండర్లు ఉండే భాగం) పైముఖం కూడా అలాగే కొలవాలి, దాన్ని చాలామంది మరిచిపోతారు.

డీజిల్ హెడ్‌ను పెట్రోల్ హెడ్‌లా ఫేస్ కొట్టకూడదు, అంటే ముఖం కోసి సమం చేయకూడదు. ఇందులో దహన గది పిస్టన్ తలలోనే ఉంటుంది, వాల్వుల ముఖాలు హెడ్ ముఖానికి దాదాపు సమానంగా ఉంటాయి. హెడ్ నుంచి 0.2 తీస్తే వాల్వు 0.2 మేర పిస్టన్‌కు దగ్గరవుతుంది, తగిలితే అంతే సంగతులు. తప్పనిసరై ఫేస్ కొడితే వాల్వ్ సీట్లు కూడా అంతే లోతుకు కోయించాలి. వాల్వు ఎంత లోపలికి ఉందో డయల్ గేజ్‌తో సరిచూడాలి. దానికన్నా ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి. నీటి దారులు మూసి, వేడినీళ్ల తొట్టెలో ముంచి గాలి పెడితే వాల్వ్ సీట్ల మధ్య పగులుంటే అక్కడ బుడగ వస్తుంది. పగిలిన హెడ్ మీద ఫేసింగ్ డబ్బు దండగ.

బాగా వేడెక్కిన అల్యూమినియం హెడ్ మెత్తబడుతుంది కూడా. కొత్తగా ఫేస్ చేసినా బోల్టు బిగించేసరికి కుంగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకే గ్యాస్కెట్ మళ్లీ కాలుతుంది. హార్డ్‌నెస్ చూసే పరికరం ఉన్న షాపులో చూపించండి. బోల్టు వాషర్ కూర్చునే చోట లోతుగా అచ్చు పడి ఉంటే ఆ హెడ్ మెత్తబడిందని అనుమానించాలి.

బోరులో నిలువు గీతలు కనబడితే అప్పుడే బోరింగ్ (బోరును కోసి పెద్దది చేయడం) అనకండి. పిస్టన్ అల్యూమినియం గోడకు అంటుకుని గీతలా కనిపిస్తుంది, ఇది కాస్ట్ ఐరన్ బ్లాక్. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని కాస్టిక్ సోడా ద్రావణాన్ని గుడ్డతో ఆ గీత మీద మాత్రమే రాస్తే అల్యూమినియం నురుగై పోతుంది, ఇనుముకు ఏమీ కాదు. పిస్టన్ మీద, హెడ్ మీద పడనీయకండి, వాటిని తినేస్తుంది. కడిగాక గోరు అడ్డంగా గీసి చూడండి. గోరు తగలకపోతే హోనింగ్‌తో (రాతితో సన్నగా రుద్ది నునుపు చేయడం) పోతుంది, తగిలితే బోరు పోయింది.

సునాబెడ_డిజైర్:

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే చేయించాం. లీక్ పరీక్షలో 1, 2, 4 బాగానే ఉన్నాయి. 3వ దాంట్లో గాలి కూలెంట్ బాటిల్‌లోకీ వస్తోంది, ఆయిల్ మూత దగ్గర కూడా గట్టిగా వస్తోంది. హెడ్ దించాం, 2, 3 సిలిండర్ల నడుమ, నీటి దారి వైపు గ్యాస్కెట్ కాలి ఉంది. హెడ్ వంపు 0.15 మి.మీ. 3వ బోరులో రెండు గీతలు, కాస్టిక్‌తో కడిగినా ఒకటి గోరుకు తగులుతోంది. ఫ్యాన్ ఒక్క వేగంలోనే తిరుగుతోంది, రెండో వేగం రావడం లేదు.

లేతు_పని:

అయితే హెడ్ వరకు చేసి మూసేసే అవకాశం లేదు. ఇప్పుడు మీ ముందున్నవి రెండు దారులు: ఉన్న బ్లాక్‌నే బాగు చేయడం, లేదా వాడిన ఇంజిన్. నా మొగ్గు మొదటిదానికి.

మీ బ్లాకే ఉంచి 3వ బోరుకు స్లీవ్ వేయడం. బోరును పెద్దది చేసి కాస్ట్ ఐరన్ స్లీవ్ నొక్కి దింపి, మళ్లీ కంపెనీ సైజుకు (69.6 మి.మీ.) తేవాలి. అప్పుడు నాలుగు పిస్టన్లూ ఒకే సైజు, ఒక్కటే కొత్తది కొంటే చాలు. ఆ కొత్త పిస్టన్ బరువు మిగతా మూడింటితో తూచి కొన్ని గ్రాముల లోపు కలపాలి. రింగులు మాత్రం నాలుగింటికీ కొత్తవి, వేడికి రింగుల స్ప్రింగు బలం పోతుంది. రాడ్, మెయిన్ బేరింగ్ షెల్స్ కూడా కొత్తవే. క్రాంక్ జర్నల్స్‌ను (బేరింగులు కూర్చునే చోట్లు) మైక్రోమీటర్‌తో రెండు దిక్కుల్లో కొలిచాకే షెల్స్ కొనండి.

ఈ పనిలో పొరపాటు జరిగేది రెండు చోట్ల. పిస్టన్ కొనకముందే బోరు ఫైనల్ చేయడం ఒకటి. పిస్టన్ చేతిలో ఉండాలి, దాన్ని కొలిచి, దానికి కంపెనీ చెప్పిన సందు కలిపి బోరు కొట్టాలి. చివరి 0.05 మి.మీ. హోనింగ్‌కు వదిలిపెట్టాలి. రెండోది, స్లీవ్ నొక్కిన ఒత్తిడికి పక్క బోర్లు 2, 4 కొద్దిగా వంకరపోవచ్చు. స్లీవ్ దిగాక వాటినీ బోర్ గేజ్‌తో మళ్లీ కొలవమని పట్టుబట్టండి. ఆ తర్వాత బ్లాక్ ముఖం సమం చేసి, పిస్టన్లు బిగించి, ప్రతి పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ ముఖం కన్నా ఎంత పైకి లేస్తోందో డయల్ గేజ్‌తో చూడాలి. హెడ్ గ్యాస్కెట్ వేర్వేరు మందాల్లో వస్తుంది, మందం గుర్తు గ్యాస్కెట్ అంచున గాట్లు లేదా రంధ్రాలుగా ఉంటుంది. పాత గ్యాస్కెట్‌ది చూసి అదే కొనేస్తే, ముఖం సమం చేశాక అది సరిపోకపోవచ్చు.

లాభం ఏమిటంటే ఇంజిన్ నంబరు మారదు, ఆర్‌సీ పని ఉండదు. లోపల ఏముందో మీకు పూర్తిగా తెలుసు. వంగిన హెడ్ పరీక్షల్లో నిలబడకపోతే మాత్రం లెక్క తలకిందులవుతుంది, మంచి హెడ్ ఖరీదు వేరే.

డీజిల్_పని:

లేతు పని మంచి చేతిలో పడితే ఆయన మాటకు తిరుగులేదు. కానీ ఇక్కడ ఖర్చు ముందే తెలియదు. హెడ్ పోవచ్చు, క్రాంక్ రుద్దాల్సి రావచ్చు, టర్బో కూడా వేడి మీద ఆగింది. 70 వేలు గట్టి హద్దయితే వాడిన ఇంజిన్ కూడా చూడాల్సిందే. చూసేటప్పుడు ఈ సంగతులు వదలొద్దు.

కొనాల్సింది హెడ్‌తో కలిపిన ఇంజిన్, ఆటోనగర్ భాషలో ఫుల్ ఇంజిన్. కానీ దానికి వేలాడే సామాను మీద డబ్బు పెట్టకండి. ఇంజెక్టర్లు, సెన్సర్లు, హై ప్రెషర్ పంపు, ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, మ్యానిఫోల్డులు, ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు), ఈసీయూ, వైరింగ్ అన్నీ మీ బండివే మార్చుకోవాలి. ఇంజెక్టర్ మీద రాసి ఉన్న కోడ్ ఈసీయూలో ఎక్కించి ఉంటుంది, మీవే వాడితే ఆ గొడవ రాదు, వేరేవి వేస్తే స్కానర్‌తో కోడ్ ఎక్కించాలి.

ఇంకో కారణమూ ఉంది. బీఎస్4 పొగ నిబంధన 2010లో హైదరాబాద్ లాంటి కొన్ని నగరాల్లోనే వచ్చింది, దేశమంతటా అమలైంది 2017 ఏప్రిల్ 1 నుంచి. 2013లో మీవైపు అమ్మిన బండి బీఎస్3 కావచ్చు, ఆటోనగర్‌కు చేరిన ఇంజిన్ హైదరాబాద్ బండిదైతే బీఎస్4 కావచ్చు. మీ ఆర్‌సీలో ఉద్గార ప్రమాణం గడి చూడండి. బ్లాక్, హెడ్ సరిపోయినా పైన ఉండే ఈజీఆర్, సెన్సర్ల ప్లగ్గులు తేడా రావొచ్చు. మీ సామానే మార్చుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. కొనకముందే రెండింటినీ పక్కపక్కన పెట్టి సెన్సర్ రంధ్రాలు, బ్రాకెట్ బోల్టులు లెక్కపెట్టండి.

టాటా విస్టా, మాంజా, ఫియట్ పుంటోల్లోనూ ఇదే 1248 సీసీ కుటుంబం ఇంజిన్ ఉంది, చవగ్గా ఇస్తామంటారు. తీసుకోకండి. చాంబరు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆకారం, మౌంటింగులు, పైపులు వేరు. పైగా ఆర్‌సీలో మీ ఇంజిన్ నంబరు డి13ఏ తో మొదలవుతుంది, వేరే కంపెనీ నంబరుతో ఆర్‌టీఓ దగ్గర నిలవలేరు.

నేల మీదున్న ఇంజిన్‌ను పరీక్షించడం కష్టమేమీ కాదు. క్రాంక్ పుల్లీకి పానా పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి, ఎక్కడా పట్టకూడదు. మీ లీక్ పరీక్ష పైపు వెంట తీసుకెళ్లి నాలుగు సిలిండర్లూ చూడండి. స్టాండు మీద సెల్ఫ్ తిప్పి చూపించగలిగితే డీజిల్ కంప్రెషన్ గేజ్ పెట్టమనండి, సిలిండర్ల మధ్య తేడా 3 బార్ దాటకూడదు. ఆయిల్ చాంబరు విప్పమనండి. అడుగున మెరిసే రజను ఉంటే బేరింగులు పోయాయి, అక్కడితో బేరం ముగించండి. ఒక రాడ్ క్యాప్ విప్పి షెల్ చూడండి, బూడిద రంగు పొర పోయి రాగి రంగు తేలితే అదీ వద్దు. చాంబరు విప్పనివ్వకపోతే ఆ ఇంజిన్ ఎంత తక్కువకిచ్చినా నాకు నమ్మకం లేదు. స్టార్ట్ అయిన వీడియో చూపిస్తే, ఇంజిన్ నంబరు అదే వీడియోలో ఆగకుండా కనబడాలి. స్టార్ట్ అయి తిరగని ఇంజిన్‌ను ఇన్ని రోజుల్లో మార్చి ఇస్తామని బిల్లు మీదే రాయించుకోండి.

టర్బో రెండింటిలో మంచిది వాడండి. ఇరుసును వేళ్లతో పట్టి ముందుకు వెనక్కు లాగితే కదలిక తెలియకూడదు. పక్కలకు సన్నటి ఆట ఉంటుంది, అది సహజం, రెక్క గోడను తాకకూడదు. మీ టర్బో వేడిగా ఆగింది కాబట్టి దాని ఆయిల్ పైపులో నూనె మాడి గట్టిపడి ఉంటుంది. ఏ టర్బో వేసినా ఆ పైపు కొత్తది వేయండి. ఇంటర్‌కూలర్‌ను విప్పి బోర్లించి లోపలి నూనె పూర్తిగా కార్చాలి. అది మిగిలితే ఇంజిన్ ఆ నూనెనే ఇంధనంగా పీల్చి, తాళం తీసినా ఆగకుండా పరుగెడుతుంది.

ఇంజిన్ బయట ఉన్నప్పుడే వేయాల్సినవి: టైమింగ్ చైన్ కిట్ (చైన్, గైడ్లు, టెన్షనర్), వాటర్ పంపు, థర్మోస్టాట్, బయటి బెల్టు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు. వీటికి 18 నుంచి 20 వేలు పక్కన పెట్టుకుని, మిగిలిన దాంట్లోనే ఇంజిన్ బేరం, దించి ఎక్కించే కూలి చూడండి. అంటే 45 దాటిన ఇంజిన్ మీ లెక్కకు రాదు. చైన్ వేసేటప్పుడు క్యామ్‌లకు, క్రాంక్‌కు లాక్ పిన్నులు తప్పనిసరి. సుద్దతో గుర్తు పెట్టి చేసే పని కాదు, ఒక్క పన్ను తప్పితే వాల్వు పిస్టన్‌కు తగిలి రాకర్లు విరుగుతాయి. చాంబరు మూసేటప్పుడు పేస్టు సన్నగీతలా వేయాలి. ఎక్కువైతే లోపలికి పొంగి, ముక్కలై ఆయిల్ జల్లెడను మూసేస్తుంది.

ఓడీ_కాగితాలు:

ఆర్‌సీ సంగతి నేను రాస్తాను. లేతు పని గారు చెప్పినట్టు బ్లాక్ మారకపోతే నంబరు మారదు, ఆఫీసుకు వెళ్లే పనే లేదు. బ్లాక్ మారితే మాత్రం మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 వర్తిస్తుంది. ముందుగా అనుమతి తీసుకోవడమే క్షేమం. అనుమతి లేకుండా ఇంజిన్ మారితే 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అథారిటీకి తెలిపి, ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించాలి. పని సాలూరులో జరిగినా, ఇంజిన్ విశాఖ నుంచి వచ్చినా మీ ఆఫీసు కొరాపుట్ ఆర్‌టీఓనే. బండిని అక్కడ చూపించాలి, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీస్తారు. కాబట్టి ఇంజిన్ ఎక్కించకముందే నంబరు ఉన్న చోట తుప్పు గీకి, ఫొటో, పెన్సిల్ ప్రింట్ రెండూ తీసిపెట్టుకోండి. బండిలో కూర్చున్నాక అక్కడ చెయ్యి పట్టదు.

అమ్మేవారి నుంచి తీసుకోవాల్సినవి: ఇంజిన్ నంబరు రాసిన జీఎస్‌టీ బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిదో ఆ బండి ఆర్‌సీ నకలు, అది ప్రమాదంలో పోయిన బండైతే ఇన్సూరెన్స్ వాళ్లు అమ్మిన కాగితం, తుక్కుకు పోయిన బండైతే స్క్రాప్ సర్టిఫికెట్. డబ్బు ఇచ్చే ముందు ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వాహన్ సమన్వయ్‌లో ఆ ఇంజిన్ నంబరు కొట్టి దొంగ బండ్ల జాబితాలో లేదని చూడండి, ఆ కాగితం దించుకోండి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. పార్శిల్ సాలూరులోనే దిగి రాష్ట్రం దాటకపోయినా అంతే, బిల్లు నకలు కూడా సరుకుతో పాటే ఉండాలి.

బండి మీద లోన్ ఇంకా ఉంటే బ్యాంకు అనుమతి పత్రం కావాలి. ఇన్సూరెన్స్‌లో కూడా కొత్త నంబరు ఎక్కించండి. పాలసీలో ఒక నంబరు, బ్లాక్ మీద ఇంకో నంబరు ఉంటే రేపు క్లెయిమ్ దగ్గర ఆగిపోతుంది. 90 పీఎస్ ఇంజిన్ గురించి డీజిల్ పని గారు యంత్రం వైపు నుంచి చెప్పారు, చట్టం వైపు నుంచీ అదే మాట. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చిన బండి సెక్షన్ 52కు విరుద్ధమని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

సునాబెడ_డిజైర్:

హెడ్ ప్రెషర్ టెస్ట్‌లో నిలవలేదండీ, 3వ సిలిండర్ వాల్వ్ సీట్ల మధ్య పగులు తేలింది. కాబట్టి వాడిన ఇంజిన్ వైపే వెళుతున్నాం. చాంబరు విప్పి చూపిస్తామని ఒకరు ఒప్పుకున్నారు, 42 వేలు అంటున్నారు, బండి ఆర్‌సీ నకలూ ఉంది. ఎక్కించాక మొదటిసారి స్టార్ట్ ఎలా చేయాలి? బోల్టులు 500 కిలోమీటర్లకు మళ్లీ బిగించాలని షెడ్డులో అంటున్నారు, నిజమేనా?

డీజిల్_పని:

పాత ఇంజిన్ దించేటప్పుడు ఏసీ పైపులు విప్పకండి, కంప్రెసర్‌ను గ్యాసుతో సహా పక్కకు కట్టేయవచ్చు. గేరు ఆయిల్ కార్చాకే యాక్సిల్ షాఫ్టులు లాగాలి. ప్రతి ప్లగ్గుకూ టేపు కట్టి పేరు రాసి, ఫొటో తీయమనండి.

ఎక్కించాక ఓనర్ మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్ పోయండి, ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్లకు కాస్త పైన పడుతుంది, డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయాలి. టర్బో ఆయిల్ పైపు బిగించే ముందు ఆ రంధ్రంలో కొద్దిగా ఆయిల్ పోసి ఇరుసును చేత్తో తిప్పండి. ఇంజెక్టర్ల కరెంటు ప్లగ్గులు నాలుగూ ఊడదీసి, సెల్ఫ్ 10 సెకన్లు కొట్టి అర నిమిషం ఆపండి. ఆయిల్ లైటు ఆరేదాకా ఇలాగే. అప్పుడు ప్లగ్గులు పెట్టి, డీజిల్ ఫిల్టర్ దగ్గర చేతిపంపుతో గాలి వెళ్లగొట్టి స్టార్ట్ చేయండి. ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు కొత్తవే ఉండాలి, సీటు శుభ్రం చేయకపోతే నల్లటి తారు లాంటిది కారి, టిక్‌టిక్ శబ్దం వస్తుంది.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. హీటర్ పూర్తి వేడికి పెట్టి, గాలి పోయేదాకా నింపుతూ ఫ్యాన్ రెండుసార్లు వచ్చి ఆగేవరకు నిలబెట్టి నడపండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి నింపండి. ఫ్యాన్ రెండో వేగం ఏ కారణంగా రావడం లేదో, రిలేనా, రెసిస్టరా, మోటారా, అది బాగయ్యేదాకా బండి తీసుకోకండి. మీ అసలు జబ్బు అదే. గొట్టం పాతదే కావచ్చు గానీ, ఘాట్‌లో ఏసీతో ఎక్కుతున్నప్పుడు ఫ్యాన్ పూర్తి వేగం లేక ఒత్తిడి పెరిగే దాన్ని చీల్చి ఉంటుంది.

సాలూరు నుంచి ఇంటికి దారే ఘాట్. కాబట్టి ముందు గజపతినగరం, విజయనగరం వైపు మైదానంలో రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపించి, లీకులు, కూలెంట్ మట్టం చూశాకే పైకి ఎక్కించండి. ఎక్కేటప్పుడు మూడో గేరులో ఈడ్చకుండా రెండులోకి దించి 2500 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే పంపు, ఆయిల్ రెండూ బాగా తిరుగుతాయి. వేడెక్కితే పక్కకు ఆపి చల్లారనివ్వాలి తప్ప వేడి ఇంజిన్ మీద గానీ లోపలికి గానీ చన్నీళ్లు పోయకూడదు, హెడ్ పగిలేది అక్కడే.

లేతు_పని:

హెడ్ బోల్టులు 500కి మళ్లీ బిగించేది పాత రకం ఇంజిన్లకు. ఇవి సాగే రకం బోల్టులు. కొంత టార్క్‌కు బిగించి, ఆపై మాన్యువల్ చెప్పిన డిగ్రీలు తిప్పి వదిలేయాలి, మళ్లీ పానా పెడితే తెగుతాయి. మీరు కొనే ఇంజిన్ హెడ్ విప్పకపోతే వాటిని ముట్టుకోవద్దు. ఏదైనా కారణానికి విప్పితే మాత్రం బోల్టులన్నీ కొత్తవి వేయాలి. రంధ్రాల్లోంచి నూనె, నీరు గాలితో ఊది పూర్తిగా తీయండి. ద్రవం మిగిలితే బోల్టు దిగేటప్పుడు అది నలగక బ్లాక్‌నే చీలుస్తుంది.

ఓడీ_కాగితాలు:

42 వేలంటే ఇంకా మంచిదే. పాత బ్లాక్‌ను మాత్రం ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కేదాకా అమ్మకండి, తనిఖీలో పాతది ఏదని అడిగితే చూపించాలి. తర్వాత తుక్కుకు ఇచ్చినా, ఆ ఇంజిన్ నంబరు, తేదీ రాసి కొన్నవారి సంతకంతో రసీదు తీసుకోండి.